తడసీమ విద్యాస్థానములు: ఉదారవిద్యాచరిత్రవిమర్శనము

1. ఉపక్రమము

తడ యను గ్రామము చెన్నపట్టణమునుండి గూడూరు మీఁదుగా నుత్తరమునకుఁ బోవు రైలుమార్గమునందును, కలకత్తా రాజమార్గమునందును, ఆంధ్రద్రావిడదేశముల పొలిమేరయం దున్నది. దానికిఁ దూర్పున, తెనుఁగువారు ప్రళయకావేరి యని చెప్పుకొను పులికాటు సరస్సు. సరస్సున కావల శ్రీహరికోట ద్వీపము. దాని కావల సముద్రము. చిరకాలము నెల్లూరు జిల్లాలోఁ జేరియుండిన యీ ప్రదేశము 2022 సంవత్సరము ఏప్రిలు 4వ తేదినుండి తిరుపతి జిల్లాలోఁ జేరినది. తెనుఁగును అరవమును గలసి వినఁబడు నీ యెల్లసీమ, విద్యాపీఠముల చరిత్రము వ్రాయువారు సాధారణముగాఁ దలఁచుకొను తావు గాదు.

అయినను తడకుఁ బడమట, 2008 ప్రాంతమున నేర్పడిన శ్రీసిటీ యను పారిశ్రామికపట్టణములో నిప్పుడు రెండు ఉన్నతవిద్యాస్థానము లున్నవి. ఒకటి 2013లో మొదలైన భారతీయ సమాచారసాంకేతికవిద్యాసంస్థ. రెండవది 2018లో స్థాపితమై, 2019లోఁ దొలిసారి పట్టవిద్యార్థులను జేర్చుకొనిన క్రియా విశ్వవిద్యాలయము. 1970లోఁ జెన్నపట్టణమున నారంభమైన ఆర్థికపరిశోధనసంస్థయొక్క వాణిజ్యవిద్యాశాఖ దీనిలోఁ జేరినది. కళలను శాస్త్రములను వేఱువేఱు గదులలోఁ బెట్టక, యొకదానితో నొకటి యల్లి బోధించుట యీ విశ్వవిద్యాలయముయొక్క ప్రకటితోద్దేశము. ఆంగ్లేయులు ‘లిబరల్ ఆర్ట్సు’ అని వ్యవహరించునది యీ విద్యయే. దీనినే యీ వ్యాసమునందు ఉదారవిద్య యనుచున్నాను.

ఇట్టి విద్యను గూర్చి మనలో రెండు తలంపులు వ్యాపించియున్నవి. ఇది పాశ్చాత్యదేశమునుండి క్రొత్తగా దిగుమతి యైన వస్తువనియు, ధనవంతుల బిడ్డల ముచ్చట యనియుఁ గొందఱందురు. చతుర్దశవిద్యలును చతుష్షష్టికళలును గల మనకుఁ దెలియని దిందేమియు లేదని మఱికొందఱందురు. శాసనములఁ జూచినచో నీ రెండు తలంపులును నిలువవు. ఉదారవిద్య మన తీరమునకుఁ గ్రొత్తది గాదు. కాని మన పూర్వులు దానిని బూర్ణముగా సాధించిరనుటయు సత్యము గాదు. వారు సాధించిన దేమి, సాధింపని దేమి యని విడఁదీసి చూపుట యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

2. పదవిచారము

లాటిను భాషలో ‘లీబెర్’ అను పదమునకు స్వతంత్రుఁడని యర్థము. రోమునగరమున దాసుఁడు గాని పౌరునకుఁ దగిన విద్య లగుటచేత వీనికి ఆ పేరు వచ్చినది. మధ్యయుగమున యూరోపుఖండపు విద్యాపీఠము లీ విద్యలను ఏడుగా లెక్కించినవి. అందు మొదటి మూఁడును వ్యాకరణము, తర్కము, వక్తృత్వము. తక్కిన నాలుగును అంకగణితము, క్షేత్రగణితము, జ్యోతిషము, సంగీతము. మొదటి మూఁడును వాక్కునకు సంబంధించినవి. తరువాతి నాలుగును సంఖ్యకు సంబంధించినవి. మన దేశమునఁ బదవాక్యప్రమాణశాస్త్రము లనఁబడు వ్యాకరణమీమాంసాతర్కములు తక్కిన విద్యలకు ద్వారము లైనట్లే, యక్కడను వ్యాకరణమే మొదటి మెట్టు. ఈ సామ్యము గమనింపఁదగినది.

స్వతంత్రశబ్దము వైయాకరణులకుఁ గ్రొత్తది గాదు. క్రియను సాధించు కారకములలో నెవ్వఁడు స్వతంత్రుఁడుగా వివక్షింపఁబడునో వానికే పాణిని కర్తృసంజ్ఞ నిచ్చెను. మిక్కిలి యుపకరించు సాధనమునకుఁ గరణసంజ్ఞ నిచ్చెను. గొడ్డలి యెంత పదు నైనదైనను నఱకువాఁడు గాదు. విద్యలును ఇట్లే రెండు తెఱఁగులు. మనుష్యుని నొకానొక పనికిఁ దగిన పదునైన కరణముగాఁ జేయు విద్య యొకటి. ఏ పని చేయవలెనో తానే విచారించి నిర్ణయింపఁగల కర్తగాఁ జేయు విద్య మఱియొకటి. లోకయాత్రకు రెండును వలయును. గ్రామమునకుఁ గరణము లేనిదే లెక్క సాగదు గదా! కాని యూరివారందఱును గరణములే యైనచో ఊరికిఁ గర్త యుండఁడు. శ్రీసిటీలోని విశ్వవిద్యాలయము తన పేరునకు సంస్కృతమునుండి క్రియాశబ్దమునే గైకొన్నది. క్రియ యున్నచోఁ గర్త యెవఁడను ప్రశ్న తప్పదు.

అయితే, ‘లీబెర్’ అను పదములోనే యొక దోషము దాఁగియున్నది. స్వతంత్రునకుఁ దగిన విద్య యనఁగానే, స్వతంత్రుఁడు కానివానికి అది లేదని తాత్పర్య మగుచున్నది. కావున విద్యాస్థానమును బరీక్షించునపు డచ్చటి పాఠ్యవిషయముల సంఖ్యను లెక్కించినంత మాత్రమునఁ జాలదు. మూఁడు ప్రశ్న లడుగవలెను. విద్యార్థి కన్న మెవరు పెట్టుచున్నారు? ద్వార మెవరికిఁ దెఱచియున్నది? లోపలికిఁ బోయినవాని వాక్కునకు స్వాతంత్ర్య మున్నదా? అన్నము, ద్వారము, వాక్కు అను నీ మూఁటితోడనే తడకు నలుదిక్కుల నున్న ప్రాచీననవీనవిద్యాస్థానములను గ్రమముగాఁ జూతము.

3. కాంచీఘటిక

తడకు నైరృతిదిశను నాలుగుదినముల నడకలోఁ గాంచీపుర మున్నది. అచ్చటి ఘటిక దక్షిణాపథమునఁ బ్రసిద్ధమైన విద్యాస్థానము. కర్ణాటదేశమునందలి తాళగుందస్తంభశాసనము దానిని గూర్చి చెప్పు వృత్తాంత మిట్లున్నది. మయూరశర్మ యను బ్రాహ్మణయువకుఁడు, వీరశర్మ యను గురువుతోఁగూడ సర్వవిద్యాభ్యాసమునకై పల్లవరాజధానియగు కాంచికి వచ్చి ఘటికలోఁ బ్రవేశించెను. అచ్చటఁ బల్లవుల యాశ్వికునితో నతనికిఁ గలహము సంభవించెను. విద్యావంతుఁడు ఆయుధధారికి లోఁబడి యుండవలసినదేనా యని పరితపించి, స్రుక్కును బట్టిన చేతితోఁ గత్తిని బట్టి, యరణ్యములఁ జేరి బలమును గూర్చుకొని, తుదకుఁ గదంబరాజ్యమును స్థాపించెను. ఇది నాలుగవ శతాబ్దినాఁటి మాట.

ఈ కథలో రాజ్యస్థాపనకంటె మనకు ముఖ్య మైనది కలహకారణము. విద్యాస్థానము రాజాశ్రయమున నున్నది. రాజభటుఁడు విద్యార్థిని దిరస్కరించినాఁడు. తిరస్కారమును సహింపని విద్యార్థికి విద్యాస్థానమును విడుచుటకంటె మార్గము గానరాలేదు. అన్నము పెట్టిన చేయి వాక్కును ఎంతవఱకు శాసింపవచ్చు నను ప్రశ్న, నే నెఱిఁగినంతలో, ఈ తీరప్రాంతమునఁ దొలుత నీ శాసనముననే కానవచ్చుచున్నది.

ఘటిక కేవలము రాజభిక్షయే కాదు. ఎనిమిదవ శతాబ్దిలోఁ బల్లవవంశమునకు సంతతి లేక సింహాసనము శూన్యమైనపుడు, నందివర్మ పల్లవమల్లుని రాజుగా వరించినవారిలో ఘటికవారును గలరని కాంచీపుర వైకుంఠపెరుమాళ్ళ యాలయపు శాసనశిల్పములవలనఁ దెలియుచున్నది. విద్యాస్థానము రాజు నాశ్రయించియు, రాజును వరించుటలో మాట చెల్లించుకొనియు నుండె నన్నమాట.

4. అన్నము లెక్కించిన శాసనములు

చోళపల్లవశాసనములు పాఠములకంటె భోజనమునే సవిస్తరముగా లెక్కించును. ఇది హీనత గాదు. దాత ధర్మబుద్ధికి నిదర్శనము. తొమ్మిదవ శతాబ్దిలో నృపతుంగవర్మ యేలుబడి 8వ సంవత్సరమునఁ బుదుచ్చేరి సమీపమునందలి బాహూరు విద్యాస్థానమునకు మూఁడు గ్రామములు విద్యాభోగముగా నొసఁగఁబడెను. చతుర్దశవిద్యలకు నెలవని యా స్థానము వర్ణింపఁబడినది.

పదునొకండవ శతాబ్దిలో రాజేంద్రచోళుని కాలమున ఎణ్ణాయిరమునఁ బెట్టిన ధర్మము మఱింత స్పష్టము. అచ్చట 340 మంది విద్యార్థులకును 14 మంది యధ్యాపకులకును 45 వేలి భూమి యేర్పాటు చేయఁబడెను. విద్యార్థులలోఁ జిన్నవారు 270 మంది. వారిలో ఋగ్వేదమునకు 75, యజుర్వేదమునకు 75, సామవేదమునందు ఛాందోగ్యులకు 20, తలవకారులకు 20, వాజసనేయులకు 20, అథర్వమునకు 10, బోధాయనసూత్రములకు 10, ధర్మకీర్తి రూపావతారమునకు 40 మంది యని సంఖ్య. పెద్దవారు 70 మంది. వారిలో వ్యాకరణమునకు 25, ప్రాభాకరమీమాంసకు 35, వేదాంతమునకు 10 మంది. చిన్నవానికి దినమునకు 6 నాళ్ల వడ్లు. పెద్దవానికి 1 కుఱుణి 2 నాళ్లు, అనఁగా 10 నాళ్లు.

ఈ లెక్కలో మూఁడంశములు చూడఁదగినవి. మొదటిది: రూపావతారమును వ్యాకరణమును జదువువారు కలసి 65 మంది, అనఁగా సుమారు అయిదవపాలు. శబ్దశాస్త్రము లేక పైశాస్త్రములు సాగవని దాతయు నెఱిఁగియుండెను. రెండవది: సిద్ధరూపములు నేర్పు సులభగ్రంథము చిన్నవారికి, శాస్త్రవిచారము పెద్దవారికి. నేఁటి పాఠశాలాపండితులును ఈ క్రమముననే బోధించుచున్నారు. మూఁడవది: శాస్త్రవిచారము చేయువానికి భత్య మధికము. వల్లించుటకంటె విచారించుట కష్టతర మని యొప్పుకొనిన శాసన మిది.

పాలారు కూడలియందలి తిరుముక్కూడలున వీరరాజేంద్రుని కాలపు శాసనము వేదవ్యాకరణపాఠశాలతోఁ గూడ, విద్యార్థులు వసించుటకు వసతిని, 15 పడకల యారోగ్యశాలను బేర్కొనుచున్నది. విద్యార్థికి రోగము వచ్చు నని తలఁచి వైద్యుని నేర్పఱిచిన దాత, విద్యాపీఠజీవన మనఁగా నేమో తెలిసినవాఁడు. తడకు దక్షిణమున రెండుదినముల నడకలో సముద్రతీరమున నున్న తిరువొత్తియూరులో వ్యాకరణదానమండప మను పేరుగల మండపమే యుండెను. మహేశ్వరుఁ డచ్చట 14 దినములు సాక్షాత్కరించి పాణినికి 14 సూత్రము లుపదేశించె నని స్థలమాహాత్మ్యము. మాహాత్మ్యమును నమ్మినను నమ్మకున్నను, ఒక యాలయము వ్యాకరణవ్యాఖ్యానమునకై మండపమును భూమిని నిలిపినది చరిత్రమే.

5. మల్కాపురశాసనము

ఇఁక మన తెనుఁగుదేశమునకు వత్తము. గుంటూరుసీమయందలి మల్కాపురశాసనము శక 1183, అనఁగా క్రీ. శ. 1261 నాఁటిది. కాకతీయ గణపతిదేవునకు గురువైన విశ్వేశ్వరశివాచార్యునకు, గణపతిదేవుని సంకల్పము ననుసరించి రుద్రమదేవి మందడ, వెలగపూడి గ్రామములను సమర్పించెను. ఆయన యచ్చట శైవమఠమును, విద్యామండపమును, అన్నసత్రమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను నెలకొల్పెను. ఋగ్యజుస్సామములకు మువ్వురు అధ్యాపకులు, పదవాక్యప్రమాణసాహిత్యాగమములకు అయిదుగురు, వైద్యుఁ డొకఁడు, లెక్కలు వ్రాయు కాయస్థుఁ డొకఁడు.

ఈ యేర్పాటులో సాహిత్య మొక ప్రత్యేకశాస్త్రముగాఁ బదవాక్యప్రమాణముల సరసన నిలిచినది. వేదమును, తర్కమును, కావ్యమును, ఆగమమును, వైద్యమును ఒక్క ప్రాకారములో నుండఁగా, విద్యార్థి తాను జదువుకొను శాస్త్రమును మాత్రమే కాక, తన ప్రక్కనున్నవాఁడు చదువుకొనుదానిని గూడ వినుచుండును. ఉదారవిద్యకుఁ బ్రాణమైన యంశ మిది. పెక్కు విషయములు పట్టికలోఁ జేర్చుట యుదారవిద్య గాదు. పెక్కు విషయములవారు ఒక్కచోఁ గలసి భుజించి, వాదించి, నిద్రించుట యుదారవిద్య.

అన్నసత్రమును గూర్చి శాసనము చేసిన నియమము మఱింత గొప్పది. బ్రాహ్మణులు మొదలుకొని చండాలురవఱకు వచ్చినవారందఱికిని సత్ర మెల్లప్పుడును దెఱచి యుండవలె నని యందున్నది. కాని యిచ్చటనే మన పూర్వుల లోపమును గానవచ్చుచున్నది. అన్నపుఁ దలుపు తెఱచినవారు విద్యామండపపుఁ దలుపును అట్లే తెఱచిరని శాసనము చెప్పదు. ఎణ్ణాయిరమునఁ జదువఁబడినవి వేదశాఖలు, చదివినవారు ద్విజులు. ఆ పట్టికలో రైతుబిడ్డ లేఁడు, ప్రళయకావేరిలో వల వేయువాని బిడ్డ లేఁడు, స్త్రీ లేదు. రాజ్య మేలుచున్న రుద్రమదేవియే దానము చేసిన మండపములో విద్యార్థిని యొక్కతెయుఁ బేర్కొనఁబడకుండుట విచారింపఁదగినది. రోముపౌరుని ‘స్వాతంత్ర్యము’ వలెనే మన విద్యాస్థానముల ఔదార్యమును గోడలోపలి ఔదార్యము. అన్నమున మన పూర్వులు కృతార్థులు, ద్వారమున గారు. ఈ మాటను మఱుఁగుపఱచి కేవలము పూర్వవైభవమును గీర్తించుట చరిత్రకారునకుఁ దగదు.

వెలగపూడిలో 2016 నుండి యాంధ్రప్రదేశ సచివాలయ మున్నది. విద్యకై యీయఁబడిన గ్రామము పరిపాలనమునకు నెల వైనది. కాలగతిలో దానశాసనములు రాతిమీఁద నిలుచును గాని, దానధర్మములు నిలువవు. శాశ్వతముగా నిలుపఁగోరినవారు పెట్టిన భూము లేమయ్యెనో చూచినచో, ధనసంపన్నముగా నారంభమైన నవీనవిద్యాపీఠములకును ఒక హెచ్చరిక కనఁబడును.

6. చెన్నపట్టణయుగము

ఆంగ్లేయులు తడకు సమీపమున దుగరాజపట్టణమున 1626లో వర్తకశాల నిలిపి, తరువాతఁ జెన్నపట్టణమున స్థిరపడిరి. వారి ప్రభుత్వమునకుఁ గావలసినది కరణములే గాని కర్తలు గారు. 1812లో సెయింటు జార్జికోట కళాశాల కుంపిణీయుద్యోగులకు దేశభాషలు నేర్పుటకై యేర్పడెను. అయినను పండితులును పరదేశులును ఒక్కచోఁ గూడి విచారించుటచే, ఉద్దేశింపని ఫల మొకటి కలిగినది. 1816లోఁ బ్రకటిత మైన కాంబెలుదొర తెలుఁగువ్యాకరణమునకు ఎల్లిసుదొర వ్రాసిన యుపోద్ఘాతములో, తెనుఁగు సంస్కృతజన్యము గాదనియు, ద్రావిడభాషలు వేఱొక కుటుంబ మనియు నిరూపింపఁబడెను. ఆ నిరూపణమునకుఁ గళాశాలయందలి ప్రధానపండితుఁడు పట్టాభిరామశాస్త్రిగారి ధాతుసంగ్రహమును, మామిడి వెంకయ్యగారి నిఘంటుకృషియు నాధారములు. రెండు సంప్రదాయములు కలియుటచే రెండింటికిని దెలియని సత్యము వెలువడినది. ఉదారవిద్యకు నింతకంటె మేలైన దృష్టాంతము మన సీమలో నాకుఁ గనఁబడదు.

1857లోఁ జెన్నపురి విశ్వవిద్యాలయము పుట్టినది. లండనునగరపు విశ్వవిద్యాలయము ననుసరించుటచేత, అది మొదట బోధించునది గాక పరీక్షించున దయ్యెను. విద్యార్థి వేఱొకచోఁ జదివి యిచ్చటఁ బరీక్ష యిచ్చిపోవును. కులభేదము లేక ద్వారము శాస్త్రతః తెఱవఁబడినది. ఇది సామాన్య మైన లాభము గాదు. కాని సహవాసము పోయినది. అన్న మిచ్చు దాత పోయి శుల్కము వచ్చినది. వాక్కు ఆంగ్లేయ మైనది. దేశభాషాపండితుఁడు కళాశాలలో నొక మూల నుండెను. ఆ మూలనుండియే 1858లోఁ బరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడుటయు, క్రైస్తవకళాశాలలో సంస్కృతపండితులైన వేదము వేంకటరాయశాస్త్రిగారు నాటకవ్యాఖ్యానములఁ బ్రసిద్ధు లగుటయుఁ బండితలోకమునకు విదితములే.

7. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు

1926లో నాంధ్రవిశ్వకళాపరిషత్తు బెజవాడ కేంద్రముగాఁ బుట్టి, 1930లో వాల్తేరునకుఁ జేరెను. నెల్లూరి వేంకటగిరిరాజా కళాశాలవంటి విద్యాస్థానములు దీని పరిధిలోనివే. ఈ సీమవారు పిదప 1954లో నేర్పడిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకును, 2008లో నేర్పడిన విక్రమసింహపురి విశ్వవిద్యాలయమునకును జెందిరి.

పరిషత్తునకుఁ బ్రథమోపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1880లోఁ జిత్తూరుసీమయందుఁ బుట్టి, చెన్నపురి క్రైస్తవకళాశాలలోఁ జదివి, కేంబ్రిడ్జి సెయింటు జాన్సు కళాశాలలోఁ జరిత్రమభ్యసించి, అచ్చటి విద్యార్థిసభకు ఉపాధ్యక్షులుగా నెన్నుకోఁబడినవారు. మైసూరులో ఆచార్యపదవిని, విద్యాశాఖాధికారమును వహించిరి. విద్యార్థిదశలోనే ‘ముసలమ్మమరణము’ రచించిరి; పిమ్మట ‘కవిత్వతత్త్వవిచారము’ను, ‘అర్థశాస్త్రము’ను వ్రాసిరి. చరిత్రకారుఁడు కావ్యవిమర్శ చేయుట, కావ్యవిమర్శకుఁడు ధనశాస్త్రమును దెనుఁగున వ్రాయుట యనునది యాయన యేర్చికొన్న వింత గాదు. ఆయన పొందిన విద్యయొక్క సహజఫలము.

1930లోఁ బ్రభుత్వము సత్యాగ్రహోద్యమమును గఠినముగా నణఁచుటకు నిరసనగా నాయన పదవిని విడిచిరి. మయూరశర్మ కాంచిని విడుచుటకును దీనికిని నడుమఁ బదునాఱువందల యేండ్లు, ప్రశ్న యొక్కటే. కాని భేదమును గలదు. మయూరశర్మ కత్తిని బట్టెను. రెడ్డిగారు త్యాగపత్రమును బంపి, 1936లో మరల నదే పీఠమున కెన్నుకోఁబడి 1949 వఱకు నడిపిరి. విద్యాపీఠము తన వాక్స్వాతంత్ర్యమును దానే కాపాడుకొనవచ్చు ననుట కిది నిదర్శనము.

నడుమ 1931 మొదలు 1936 వఱకు సర్వేపల్లి రాధాకృష్ణపండితు లుపాధ్యక్షులు. ఆ కాలమున వాల్తేరుకొండమీఁద తెనుఁగునకుఁ బింగళి లక్ష్మీకాంతముగారు, భౌతికశాస్త్రమునకు సూరి భగవంతముగారు, రసాయనమునకుఁ ద. రా. శేషాద్రిగారు, తత్త్వమునకు హుమాయూన్ కబీరుగారు, చరిత్రరాజనీతులకు హీరేన్ ముఖర్జీగారు అధ్యాపకులై యుండిరి. వంగదేశీయుఁడు, ద్రావిడుఁడు, ఆంధ్రుఁడు, హిందువు, మహమ్మదీయుఁడు అను భేదము లేక యధ్యాపకులు చేరిన పరిషత్తు మల్కాపురమండపమునకంటె విశాల మైనది. జయపురమహారాజు విక్రమదేవవర్మగారు స్వయముగాఁ గవి యయ్యును, శాస్త్రసాంకేతికకళాశాలకై యేఁటేఁట లక్షరూపాయల నిచ్చిరి. దాత తన యభిరుచికి మాత్రమే గాక, విద్యార్థి యక్కఱకుఁ దగినట్లిచ్చుట యుత్తమదానము.

8. ప్రళయకావేరి పాఠము

ఇట్లు చరిత్రమును జూచి, మరల తడకు వత్తము. ఈ సీమకు ఉదారవిద్య యేల యని యడుగువారికి ప్రళయకావేరియే ప్రత్యుత్తరము. భారతదేశమునందలి యుప్పునీటిసరస్సులలోఁ జిలుకసరస్సు తరువాత నిదియే పెద్దది. దీనిని దెలిసికొనుటకు నొక్క శాస్త్రము చాలునా? నదీజలమును సముద్రజలమును గలియు విధము భూజలశాస్త్రవిషయము. చలికాలమున రాజహంసలు వచ్చి మేయుట జీవశాస్త్రవిషయము. 1613లో డచ్చివారు పళవేర్కాటిలో గెల్డ్రియాదుర్గమును గట్టి యీ తీరపు వస్త్రములను దూరద్వీపములకుఁ బంపుట చరిత్రవిషయము. వలలకును, చేఁపలకును, గాలులకును బెస్తవారు పెట్టిన పేళ్లు భాషాశాస్త్రవిషయము. సరస్సున కావలనున్న శ్రీహరికోటనుండి 1971లోఁ బ్రథమరాకెట్టు ఎగిరినది, అది భౌతికశాస్త్రవిషయము. ఆ కేంద్రము వచ్చునపుడు ద్వీపమునందలి యానాదులు తమ యడవులను విడిచి వేఱుచోట్లకుఁ బోవలసివచ్చుట ధర్మశాస్త్రవిషయము.

రాకెట్టును నిర్మించుట నేర్చినవానికి యానాది యెందుకుఁ గదలవలసివచ్చెనో తెలియకున్నచో వాఁడు గొప్ప కరణమే గాని కర్త గాఁడు. యానాదిదుఃఖమును మాత్రమే వర్ణింప నేర్చి, నీటిలో నుప్పేల పెరుఁగునో యెఱుఁగనివాఁడును అర్ధకర్తయే. రెంటిని ఒక్క మనసులో నిలుపఁగల విద్యార్థిని సిద్ధము చేయుటయే యుదారవిద్య. తడకు పొరుగున నున్న విశ్వవిద్యాలయము కళాశాస్త్రములను గలపి నేర్పఁబూనుట కావుననే ప్రశంసనీయము. సాంకేతికవిద్యాసంస్థ ప్రక్కనే యుండుటయు శుభము. పదవాక్యప్రమాణములవారు వైద్యునకుఁ బొరుగున నున్నట్లే.

9. ఉపసంహారము

ముందు చెప్పిన మూఁడు ప్రశ్నలను ఇప్పుడు మరల నడుగుదము. ద్వారమునందు నవీనులు పూర్వులకంటె నధికులు. కులమును, లింగమును, దేశమును అడుగక విద్యార్థిని జేర్చుకొనుట నేఁటి ధర్మము. అన్నమునందుఁ బూర్వులే యధికులు. ఎణ్ణాయిరమున విద్యార్థి దినభత్యమును బొందెను. నేఁడు స్వధనముచే నడచు విద్యాపీఠములలో విద్యార్థియే శుల్క మీయవలెను. యోగ్యులకు విద్యార్థివేతనము లున్నను, అవి దాతల యౌదార్యముమీఁద నాధారపడినవి. జన్మముచే మూయఁబడిన తలుపు ధనముచే మరల మూయఁబడినచో, తలుపు మాఱినదే కాని గోడ మాఱలేదు.

వాక్కును గూర్చి పండితులమైన మనము ప్రత్యేకముగా విచారింపవలెను. ఇట్టి విద్యాపీఠములలో బోధనభాష యాంగ్లేయము. దేశదేశములనుండి వచ్చు విద్యార్థులకు అది యవసర మగుఁగాక. కాని తడగ్రామపు బాలుఁడు, బాలిక, తెనుఁగునఁగాని యరవమునఁగాని యాలోచించి ప్రశ్నింప నేర్చినవారు, ఆ ప్రాకారమును దాఁటి లోపలికిఁ బోవునపుడు తమ ప్రశ్నను బయట విడిచి పోవలసివచ్చినచో, అది వారికిఁ గర్తృత్వము నిచ్చు విద్య గాఁజాలదు. సెయింటు జార్జికోటలోఁ బట్టాభిరామశాస్త్రిగారి ధాతుసంగ్రహము లేక ఎల్లిసుదొర నిరూపణము పూర్ణము గానట్లే, ప్రళయకావేరి పెస్తవాని మాటలు లేక యే నవీనశాస్త్రజ్ఞుని సరస్సువిమర్శనమును బూర్ణము గానేరదు. దేశభాష విశ్వవిద్యాలయమునకు దయచేసి యీయవలసిన మూలస్థానము గాదు. దాని పరిశోధనమునకే కావలసిన సాధనము.

దీనికిఁ దగిన పనులు రెండు తోఁచుచున్నవి. సరస్సుచుట్టు నున్న పాఠశాలలనుండి యేఁటేఁటఁ గొందఱు విద్యార్థుల నన్నవసతులతోఁ జేర్చుకొను శాశ్వతధర్మ మొకటి దాతలు నెలకొల్పవలెను. బాహూరువారికి మూఁడు గ్రామములు వలసినవి, నేఁటివారికి మూలధనము వలయును. రెండవది మన పని. పాఠశాలాపండితులు సరస్సుతీరపు మాటలను, స్థలనామములను, శాసనములను సేకరించి, క్రొత్త విద్యాపీఠములవారితోఁ గూర్చుండి విచారింపవలెను. వారు మనలను బిలువలేదని మూల నుండుట చిన్నయసూరినాఁటి యవస్థను మనమే కొనసాగించుట యగును.

కాంచీఘటికకు విద్యార్థులు దూరదేశములనుండి నడచి వచ్చిరి. నేఁడు తడ రైలుస్టేషనులో దిగి శ్రీసిటీకిఁ బోవు విద్యార్థులును దూరదేశములనుండి వచ్చుచున్నారు. ఆ రైలుస్టేషను ప్రక్కనే యింటనుండి నడచిపోవు విద్యార్థియు వారితోఁ గలిసి, వారితో సమముగాఁ బ్రశ్నించునాఁడు, ఈ తీరమున ఉదారవిద్య యను మాటకుఁ బూర్ణార్థము సిద్ధించును.